చౌడు మిద్దె, దాతల సిమెంటు, అమావాస్య జనం: అనంతపురం జిల్లాలో ఒక పాత మఠం పని

అనంతపురం జిల్లా పడమటి వైపు, బళ్లారి సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక వీరశైవ మఠంలో మేం చేసిన పని గురించి రాస్తున్నా. మఠం పేరు మాత్రం రాయను. పేరు బయటికొస్తే ముందు వీడియోలు తీసేవాళ్లు వస్తారు, వాళ్ల వెనకే గుప్తనిధుల వాళ్లు వస్తారు, ఈ రెండో రకం వాళ్లు మన సీమలో ఎన్ని గుళ్లు, ఎన్ని సమాధులు తవ్వి పోశారో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నేను పాత కట్టడాల మరమ్మతు చేసే ఆర్కిటెక్ట్‌ని. ఇలాంటి పనే చేస్తున్నవాళ్లకూ, తమ ఊరి మఠానికో గుడికో కమిటీలో ఉన్నవాళ్లకూ పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ముందు మఠం ఎలా ఉందో చెప్తాను. నడుమ మూలస్వామి గద్దె (సమాధి పీఠం), దాని ముందు రాతి కంబాల మండపం. చుట్టూ మూడు వైపులా మట్టి మిద్దెలు: పీఠాధిపతి ఉండే గదులు, చదువుకునే పిల్లలు పడుకునే వసారా, తాటాకు పుస్తకాలు పెట్టిన కొట్టు, దాసోహం (అన్నదానం) వంటిల్లు. మందపాటి గోడలు, వేప దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు (సన్న కట్టెలు), అక్కడక్కడా వెలుతురు కోసం వదిలిన గవాచి, అన్నిటికీ పైన చౌడు మట్టి. వచ్చినవాళ్లంతా రాతి మండపం దగ్గర ఫొటో దిగి పోతారు గానీ, మఠాన్ని మఠం చేసింది ఈ మిద్దెలే. స్వాములు బతికింది, పిల్లలు చదివింది, ఊరు కరువులో అన్నం తిన్నది వీటి కిందే. మేం పోయేసరికి కూలగొట్టాలని తీర్మానం అయింది కూడా వీటినే. మండపం మీద ఎవరికీ అనుమానం లేదు, అది రాయి కాబట్టి పాతది, విలువైనది. మట్టి అంటే మాత్రం పేదరికం అని లెక్క.

ఎవరికేం కావాలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాం. బెంగళూరు, బళ్లారి దాతలకు మిద్దెల స్థానంలో ఆర్‌సీసీ దాసోహ భవనం, పైన కల్యాణ మండపం, మండపంలో మెరిసే గ్రానైట్, కంబాలకు బంగారు రంగు పెయింటు కావాలి. స్వాములోరికి ఇవేవీ అంతగా పట్టవు, ఆయనకు కావలసింది పుస్తకాల మీద కారని పైకప్పు, ముసలమ్మలు జారి పడని నేల, ఆడవాళ్లకు మరుగుదొడ్లు. ఊరివాళ్లకు గండికోటకు వచ్చినట్టు జనం రావాలి, అంగళ్లు నడవాలి. రోడ్డు వెడల్పు చేసే ఇంజనీర్లకు ముఖద్వారం ముందున్న అరుగులు, రావిచెట్టు అడ్డం. పిల్లలను అడిగితే వసారాలో ఫ్యాన్లు అన్నారు, అది వెంటనే చేసేశాం. ఇందులో చెడ్డ కోరిక ఒక్కటీ లేదు, అసలు టెన్షన్ అక్కడే.

ఇలాంటి పనుల్లో తిరిగి తిరిగి నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. పాత మఠాలు నిర్లక్ష్యం వల్ల మెల్లగా పాడవుతాయి, భక్తి వల్ల తొందరగా పాడవుతాయి. దాత ఇచ్చిన డబ్బు ఎక్కడో ఒకచోట సిమెంటై తీరుతుంది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఏ చోట సిమెంటవ్వాలో మాత్రం మనం చెప్పొచ్చు. ఈ కేసులో మేం చేసిన పని చాలావరకు అదే.

చట్టం మాకు పెద్దగా సాయపడలేదు. లేపాక్షి, హేమావతి లాంటి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల లెక్క తేలిక: 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం, దాని అవతల ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. ఈ మఠం ఏ రక్షిత జాబితాలోనూ లేదు. 1987 దేవాదాయ చట్టంలో మఠాలకు విడిగా ఒక అధ్యాయం ఉంది గానీ, అది ఆస్తులు, లెక్కలు, పీఠాధిపతి బాధ్యతల గురించి చెప్తుంది, గోడకు సున్నం పూయాలా సిమెంటు పూయాలా అన్నది దాని విషయం కాదు. కాబట్టి ఇక్కడ మాట చెల్లాలంటే స్వాములోరినీ ఊరినీ ఒప్పించడం తప్ప దారి లేదు. జాబితాలో లేని కట్టడాలే మన దగ్గర ఎక్కువ, అందుకే ఇది చెప్పడం.

గోడ ఎందుకు పగిలింది

వెనక మిద్దె గోడకు మెట్లు మెట్లుగా ఒక పగులు ఉంది. దాన్ని చూపించే "మిద్దె పని అయిపోయింది, కూల్చేద్దాం" అన్నారు. పగులు పాతదా, ఇంకా కదులుతోందా తెలియకుండా నిర్ణయం తీసుకోకూడదు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, పగులుకు అడ్డంగా సన్నని గాజు పట్టీ పెట్టి రెండు చివరలా గచ్చుతో అతికించి తేదీ రాస్తే చాలు, గోడ కదిలితే గాజు పగులుతుంది. మూడు చోట్ల పెట్టాం. పైన పెట్టిన రెండూ అలాగే ఉన్నాయి, కింద మరుగుదొడ్డి వైపు పెట్టింది పగిలింది. ఇంతకుముందు ఎవరో కాంట్రాక్టరు ఈ గోడకు ఆనించి మరుగుదొడ్లు కట్టాడు, గుంత నుంచి నీళ్లు ఊరుతున్నాయి. అక్కడ నేల నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నోరు తెరుస్తుంది. జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన, దానికి ఈ పునాది తరాలుగా అలవాటు పడింది. రోజూ ఒకే మూల తడుస్తూ ఉండటానికి కాదు. మరుగుదొడ్లు తీసేసి, గోడ వెంబడి నీళ్లు బయటికి వాలేలా నేల సరిచేశాక, కొత్తగా పెట్టిన గాజు పట్టీ రెండు వానాకాలాలు దాటినా చెక్కుచెదరలేదు. కూల్చాలన్న గోడకు కావలసింది నీళ్లు పక్కకు పోయే దారి.

మండపం గోడల కథ ఇంకోటి. రాళ్ల సందుల్లో పాత సున్నం గీకేసి సిమెంటు కూరారు, లోపలి నుంచి సిమెంటు పూత పూసి ఎనామిల్ పెయింటు వేశారు. గోడలోకి చెమ్మ ఎక్కడమంటూ ఉంటుంది, మా బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువ. ముందు ఆ చెమ్మ సున్నం గుండా ఆరిపోయేది. ఇప్పుడు సిమెంటు దాన్ని ఆపుతుంది, ఉప్పు పూత వెనక గూడు కట్టి రాతి ముఖాన్నే పొరలు పొరలుగా ఊడదీస్తుంది. గోడ మీద చెయ్యి రాస్తే తెల్లటి పొడి, దాంతో పాటు రాతి రేణువులు అరచేతికి వచ్చేవి. స్వాములోరి చేత ఒకసారి అలా రాయించాను. ఆ తర్వాత పెయింటు సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

చౌడు

పైకప్పు గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే చౌడు మిద్దె మీద మాట్లాడేవాళ్లే తగ్గిపోయారు. చౌడులో సోడియం ఎక్కువ, తడవగానే మట్టి చాలా సన్నని రేణువులుగా విడిపోయి సందులు మూసుకుంటుంది, నీళ్లు లోపలికి దిగకుండా పైపైనే తూము వైపు జారిపోతాయి. పంట పండని భూమి అని తిట్టుకునే మట్టే ఇంటి మీద గొడుగవుతుంది. అయితే గాలికీ వానకీ కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోయాలి. ఒకప్పుడు ఇది ఇంటింటా జరిగే పని. మఠంలో ఆ అలవాటు తప్పి చాలా ఏళ్లయింది, కారడం మొదలైంది, కారుతోందని పిల్లల వసారా మీద ఒకాయన పుణ్యానికి కాంక్రీటు పరిచాడు. నాలుగు అంగుళాల కాంక్రీటు అంటే చదరపు మీటరుకు దాదాపు 250 కిలోల బరువు, అదీ పాత చౌడు తీయకుండా దాని మీదే. దూలాలు వంగాయి, కాంక్రీటు నెర్రెలిచ్చింది, నెర్రెల్లోంచి దిగిన నీళ్లు బయటికి ఆరే దారి లేక కట్టెను పట్టుకున్నాయి, ఆ తడికి చెదలు వచ్చాయి.

పని చేయించిన బేల్దారి (తాపీ మేస్త్రి) పెద్దాయన ఆ ఊరివాడే, డెబ్బై దాటినా నిచ్చెన ఎక్కుతాడు. దూలాలు మార్చాలా వద్దా అని మేం గీతలు గీస్తుంటే ఆయన ఒక ఇనప మేకు తీసుకుని ప్రతి దూలాన్నీ గోడలోకి దిగే చోట గుచ్చుకుంటూ పోయాడు. "నడుమ ఏం కాదు సార్, పుచ్చేది తలకాయ దగ్గరే. గోడ తడి అక్కడే పడతాది" అన్నాడు. ఆయన చెప్పినట్టే చాలా దూలాలకు చివరలు మాత్రమే పోయాయి. ఆ చివరలు కోసేసి, చేవ ఉన్న పాత వేపకట్టెతోనే అతుకు వేసి, గోడలో కట్టె చుట్టూ గాలి ఆడే సందు వదిలాం. పూర్తిగా మార్చినవి కొన్నే. వంటింటి దూలాలు నల్లగా మసిబారి ఉన్నా గట్టిగా ఉన్నాయి. పొగ తగిలిన కట్టెకు పురుగు రాదని పెద్దాయన మాట, ఆ మసి కడిగించాలని పెట్టుకున్న పని కొట్టేశాం.

వరస ఇలా వేశాం: దంతెల మీద బండలు లేదా కట్టెపుల్లలు, ఎక్కడ ఏది ఉంటే అది, మీద ఆకురెమ్మలు, బంకమట్టి తొక్కించి ఆరనిచ్చి, ఆపైన చౌడు, తూము వైపు వాలుగా. చౌడు ఏ చెలక నుంచి తేవాలో కూడా పెద్దాయనే చూపించాడు, వాన వెలిసిన మర్నాడు నేల మీద నీళ్లు మురికిగా నిలిచి ఉండే చోటు. ప్లాస్టిక్ షీటు వేద్దామని ఒక యువ ఇంజనీరు గట్టిగా పట్టుబట్టాడు. పుస్తకాల కొట్టు మీద ఒక్కచోట వేసి చూద్దామంటే, వద్దు, అక్కడే తడి పట్టేస్తే ఏడ్చి లాభం లేదని నేను ఒప్పుకోలేదు. తాటాకు పుస్తకాలను ఆ ఏడాది వానలకు ముందే ఇంకో గదికి మార్చాం, వాటిని శుభ్రం చేసి నకలు తీయడం వేరే నిపుణుల పని, దాని జోలికి మేం పోలేదు.

సున్నం దగ్గర మాత్రం నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తాడిపత్రి, ఎర్రగుంట్ల, బేతంచెర్ల దాకా ఈ సీమంతా సున్నపురాయే, ఎటు చూసినా సిమెంటు ఫ్యాక్టరీలే, పనికొచ్చే గచ్చు సున్నం దొరకడం మాత్రం గగనం. చివరికి కాల్చిన సున్నం తెప్పించి అక్కడే గుంతలో నానబెట్టాం, వారాల తరబడి. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక, గానుగలో తిప్పి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపి. సున్నం గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది, ఎండాకాలంలో అనంతపురం గాలికి వదిలేస్తే గట్టిపడక ముందే ఎండిపోతుంది, కాబట్టి తడి గోనెపట్టాలు కట్టి రోజూ తడపాలి. కాంట్రాక్టర్లకు ఈ ఓపిక ఉండదు, సిమెంటు కొంచెం కలిపితే తొందరగా అవుతుందని అంటూనే ఉంటారు. ఆ "కొంచెం" కలిపితే పాత సిమెంటు పూత చేసిన పనే మళ్లీ మొదలవుతుంది.

పుకార్లు, గుంతలు

నేల తవ్వే పని మొదలు కాగానే ఊళ్లో ఒకటే మాట, బంగారం దొరికిందని. దీనికి కారణం లేకపోలేదు. శ్రీశైలంలో పంచమఠాల్లో ఒకటైన ఘంటామఠం బాగుచేస్తుంటే 2020, 2021లలో నాణేలు, రాగి శాసనాలు బయటపడ్డాయి, ఆ వార్త ఇక్కడ అందరికీ తెలుసు. మాకు దొరికింది దీపపు చిప్పలు, మేకులు, ఒక విరిగిన రోలు. అయినా ఒక రాత్రి వెనక గోడ పక్కన ఎవరో నడుంలోతు గుంత తవ్వి పోయారు. తడికలు కట్టి లోపల ఏం జరుగుతోందో కనబడకుండా చేయడమే పుకారుకు మేత అని అర్థమై, తడికలు తీయించేశాం. రోజూ సాయంత్రం పని ఆపాక ఒక అరగంట ఎవరైనా వచ్చి చూడొచ్చు, ఆ రోజు మట్టిలో వచ్చిన వస్తువులు చాప మీద పరిచి ఉంటాయి, పక్కన రిజిస్టరులో రాసి స్వాములోరి సంతకం ఉంటుంది. 1878 నాటి నిధి చట్టం ప్రకారం విలువ పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు తెలపాలన్న సంగతి కూడా అక్కడే బోర్డు మీద రాయించాం. వెనక వైపు దీపాలు పెట్టాం. మళ్లీ ఎవరూ తవ్వలేదు. పైగా ఆ అరగంటకు వచ్చిన ముసలివాళ్లే ఏ గది ఎప్పుడు ఎందుకు వాడేవాళ్లో మాకు చెప్పింది, అందులో ఒకామె మండపానికి వంటింటి వైపున్న గోడ చూపించి "ఇక్కడ వాకిలి ఉండేది కదా, యాడ పోయింది?" అంది. ఆ మాట తర్వాత చాలా పనికొచ్చింది.

జనం

మామూలు రోజుల్లో మఠం నిశ్శబ్దంగా ఉంటుంది. అమావాస్యకు, శ్రావణ సోమవారాలకు, ఆరాధనకు బళ్లారి వైపు నుంచి ట్రాక్టర్లలో, బస్సుల్లో వస్తారు. మండపానికి లోపలికి పోయేదీ బయటికొచ్చేదీ ఒకే గడప, తల వంచి దూరాలి. తోపులాట అక్కడే. దాతల తరఫు ఇంజనీరు పక్క గోడ పగలగొట్టి పెద్ద ద్వారం పెడదామన్నాడు. మేం ముసలామె చూపించిన చోట పూత గీకి చూస్తే, రాతి ద్వారబంధం అలాగే ఉంది, నడుమ ఇటుకలతో పూడ్చారు. ఇటుకలు తీసేస్తే బయటికి పోయే దారి దొరికింది. ఇప్పుడు ముందు వాకిలిలో లోపలికి, పక్క వాకిలిలో బయటికి, ఎదురెదురుగా నడక లేదు.

ఎంతమందిని ఒకేసారి వదలాలన్నది చాలా కమిటీలు ఆలోచించవు. చదరపు మీటరుకు నలుగురు, అయిదుగురు దాటితే మనిషి తన కాళ్ల మీద తన ఇష్టప్రకారం కదలలేడు, ప్రమాదం అక్కడ మొదలవుతుంది. మేం మండపంలో కంబాలు, గద్దె పోను మిగిలిన జాగా కొలిచి, చదరపు మీటరుకు ఇద్దరి లెక్కన పరిమితి పెట్టి, మిగతావాళ్లు బయట పందిరి కింద కూర్చునేలా చేశాం. క్యూ పక్కన కొత్త గోడలేవీ కట్టనివ్వలేదు. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో వానకు గోడ క్యూ మీద కూలి ఏడుగురు చనిపోయిన సంగతి చెప్పాక ఎవరూ వాదించలేదు. ఇనప కమ్మీలు రాయికి బెజ్జం కొట్టకుండా బరువు దిమ్మెల మీద నిలబడేవి, పని అయ్యాక తీసి కొట్లో పెట్టేస్తారు.

నేల విషయంలో దాతలతో గట్టి పేచీ. పాలిష్ గ్రానైట్ మీద కొబ్బరినీళ్లు, నూనె పడితే ఎవరు నిలబడగలరు? పాత బండలు ఎగుడుదిగుడుగా ఉన్న చోట లేపి సరిచేసి మళ్లీ అవే పరిచాం. చక్రాల కుర్చీ పోయే వాలుబాట తాడిపత్రి బండలతో, ఇసుక మీద సిమెంటు లేకుండా, రేపు వద్దనుకుంటే ఎత్తేయొచ్చు. కొబ్బరికాయలు కొట్టే చోటు వాకిలి బయటికి మార్చాం. ఎండాకాలం చెప్పులు లేని కాళ్లు మాడిపోతాయి, దానికి చెప్పుల స్టాండు నుంచి వాకిలి దాకా చలువ పందిరి తప్ప మంచి ఉపాయం నాకు తెలియదు.

ఇది స్వాములు బతికే చోటు అన్నది కూడా చూసుకోవాలి. ఇష్టలింగ పూజ (ఒంటి మీద ధరించే లింగానికి చేసే పూజ) వేళకు ఫోను పట్టుకుని గదుల్లోకి తొంగిచూసేవాళ్లు తయారయ్యారు. గద్దె, మండపం, దాసోహం అందరికీ ఎప్పటిలా తెరిచే ఉంటాయి, గదుల వైపు పొద్దున పూజ అయ్యాకే, అదీ మఠం మనిషి వెంట ఉంటేనే. డ్రోన్లు, పెళ్లికి ముందు ఫొటో షూట్లు వద్దని బోర్డు పెడితే ఒకరిద్దరు కమిటీ సభ్యులే నొచ్చుకున్నారు, ఆదాయం పోతుందని. స్వాములోరు ఈ ఒక్క విషయంలో ఎవరి మాటా వినలేదు.

ఇక దాతల సిమెంటు. మఠానికి రోడ్డు అవతల సొంత పొలం ఉంది. కొత్త దాసోహ భవనం, మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు, బండ్ల స్టాండు అన్నీ అక్కడికి పోయాయి. నల్లరేగడి కాబట్టి మామూలు పునాది కాకుండా, నేలలోకి లోతుగా దిగి కింద ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, అండర్ రీమ్‌డ్ పైల్స్ అంటారు, అవి వేయించాం, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ) వాళ్లు ఇలాంటి నేల కోసమే తెచ్చిన పద్ధతి. భవనం ఎత్తు మఠం ముఖద్వారాన్ని మించకూడదన్న ఒక్క షరతు తప్ప మిగతాదంతా దాతల ఇష్టం. గ్రానైట్ వేసుకున్నారు, పేర్లు పెద్ద అక్షరాలతో చెక్కించుకున్నారు, బంగారు రంగు కూడా వేశారు. నాకు నచ్చకపోయినా నోరు మూసుకున్నాను, అటు వేసింది ఇటు రాలేదు కదా. పెద్ద పంక్తులు అటు మారాయి, పాత వంటింట్లో పిల్లలకూ స్వాములకూ మాత్రమే వంట.

చౌడు పోయడానికి ఏటా డబ్బు, మనుషులు కావాలి, కొత్త భవనానికి ఇచ్చినట్టు మట్టికి ఎవరూ ఇవ్వరు. స్వాములోరు దీన్ని సేవ కింద పెట్టారు, రోహిణి కార్తెలో ఒక ఆదివారం ఇంటికొక గంప చౌడు తేవాలి, పోసిన మిద్దె కింద ఆ రోజు భోజనం. బళ్లారి వైపు భక్తులు కూడా వస్తున్నారు. బేల్దారి పెద్దాయన కూలి మాత్రం మఠం ఖాతా నుంచి, సేవ పేరుతో ఆయన కూలి ఎగ్గొట్టకూడదని రాతకోతల్లోనే పెట్టించాం.

తెగనిది రోడ్డు. అరుగులూ రావిచెట్టూ మిగలాలంటే బస్సులు ఊరి వెనక దారిన పోవాలని రాసి ఇచ్చాం, ఊరి సభ తీర్మానం కూడా జత చేశాం, ఫైలు ఇంకా తిరుగుతోంది. బండ్ల స్టాండు మారడంతో జనం నడిచే దారి మారింది, పొలం వైపు అంగళ్లకు గిరాకీ పెరిగింది, ముఖద్వారం ముందు వరస అంగళ్లకు పడిపోయింది. వాళ్ల కోపం న్యాయమైనదే. బయటికొచ్చే దారిని వాళ్ల వరస మీదుగా తిప్పొచ్చు, దానికి ఒక ఇంటి పెరడు అడ్డం ఉంది, ఆ ఇంటాయన బదులుగా రోడ్డు పక్క జాగా అడుగుతున్నాడు, అది మఠం భూమి కాబట్టి దేవాదాయ శాఖ అనుమతి లేకుండా మార్పిడి కుదరదు. దరఖాస్తు పెట్టాం. ఈలోగా అమావాస్యల రోజు ఆ వరస వాళ్లకు పందిరి పక్కన తాత్కాలికంగా జాగా ఇస్తున్నారు.